పదమూడో వోటు

ఈ వారమే మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. లిఫ్టులు బాగుచేసే అమ్మాయి మోర్సు పరీక్ష మూడోసారి తప్పింది. సర్క్యూట్లు, నిబంధనలు అడిగే పేపరులో నూటికి తొంభై నాలుగు తెచ్చుకున్న మనిషే. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, అయిదు నిమిషాలు వినపడే టిక్కుటక్కుల్ని అక్షరాలుగా రాయమంటే మాత్రం రెండో నిమిషానికే వెనకబడింది. సొంత రేడియో పెట్టుకుని దేశదేశాలవాళ్లతో మాట్లాడే లైసెన్సు కావాలంటే రెండు పరీక్షలూ గట్టెక్కాలి. గట్టెక్కినవాళ్లకి ఒక కాల్‌సైన్ ఇస్తారు. గాలిలో ఆ మనిషికి అదే పేరు. మనిషి పోతే ఆ పేరును రెండేళ్లపాటు ఇంట్లోవాళ్ల కోసం పక్కన పెట్టి, ఆ తర్వాత వరసలో ఉన్న ఎవరికో ఇచ్చేస్తారు. అమ్మాయి తండ్రి పోయి రెండేళ్లు నిండడానికి ఇంకా పందొమ్మిది రోజులుంది. మళ్లీ పరీక్ష మూడు నెలలకి గానీ లేదు.

మధ్యలో ఒక ఆశ పుట్టింది. ఈ కాలంలో ఇంకా మోర్సు పరీక్ష అవసరమా అని లైసెన్సుల శాఖ క్లబ్బులన్నిటినీ అడిగింది. ఎక్కువ క్లబ్బులు ఏదంటే అదే చేస్తానంది. తీసేస్తే, మొదటి పేపరు పాసైనవాళ్లకి వారం తిరక్కుండా లైసెన్సు వస్తుంది. పది క్లబ్బులు జవాబు రాశాయి. అయిదు తీసెయ్యమన్నాయి, అయిదు ఉంచమన్నాయి. మిగిలింది ఈ ఊరి క్లబ్బు ఒక్కటే. దాని అధ్యక్షుడు అమ్మాయికి స్వయానా చిన్నాన్న. పరీక్ష ఉండి తీరాలని ఆయన పట్టు. ఈ గొడవంతా ఉత్తరంలో చదివి, తంతి ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరైన మేనత్త రెండు రోజులు ప్రయాణం చేసి, శనివారం సాయంత్రం రేకు పెట్టె పట్టుకుని బస్సు దిగింది. అక్కడ ఆగాం.

ఆదివారం పొద్దున టీ తాగుతూనే అత్త పరీక్ష మొదలుపెట్టింది. చెంచా తిరగేసి బల్లమీద కొట్టింది. చుక్కకి ఒక తట్టు, గీతకి ఒక గోకు. అమ్మాయి వింటూ కాగితం మీద రాస్తోంది. అత్త చూపు కాగితం మీద లేదు, అమ్మాయి పెదాల మీద ఉంది. పెదాలు కదులుతున్నాయి.

"ఏం గొణుగుతున్నావే?"

"గొణగడం లేదత్తయ్యా, లెక్కపెడుతున్నా."

"ఏం లెక్క?"

"చుక్కలెన్ని, గీతలెన్ని అని. లెక్కపెట్టి చార్టు గుర్తుతెచ్చుకుంటా. మూడు చుక్కలైతే ఎస్, మూడు గీతలైతే ఓ."

అత్త చెంచా కింద పెట్టేసింది. "పట్టపగలు చుక్కలు లెక్కపెట్టే పిల్లని నిన్నే చూశా. గోడవతల మీ నాన్న దగ్గితే ఎలా గుర్తుపట్టేదానివి? ఎన్నిసార్లు దగ్గాడో లెక్కపెట్టా?"

"నాన్న దగ్గు నాకు తెలీదా?"

"అదే మరి. అక్షరం కూడా ఒక దగ్గే. చెవిలో పడగానే ఫలానావాడని తెలియాలి. ఇది చెవితో నేర్చుకునే విద్య. కంటితో నేర్చుకున్నవాడు ఎక్కడో ఒకచోట గోడకి గుద్దుకుంటాడు. ఎంత కష్టపడ్డా ఆ గోడ దాటలేడు. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ల దగ్గర చార్టు కనపడితే చించి పొయ్యిలో పెట్టేవాళ్లం. నీకీ చార్టు ఎవడిచ్చాడు?"

తలుపు వెనక అట్టముక్క మీద ఇరవై ఆరు అక్షరాలు, ఎదురుగా చుక్కలు గీతలు, ఎర్ర సిరాతో ముత్యాల్లా రాసి ఉన్నాయి.

"చిన్నాన్న. తనూ దీంతోనే నేర్చుకున్నానన్నాడు."

అత్త లేచి వెళ్లి ఆ అట్టను చాలాసేపు చూసింది. ఇరవై ఎనిమిదేళ్లు ఊళ్లోవాళ్ల చావుకబుర్లూ పెళ్లికబుర్లూ ముందుగా తెలిసినా పైకి చెప్పకుండా బతికిన మనిషి. అలవాటు ఎక్కడికి పోతుంది?

"చీర మార్చుకుంటాను. మీటింగు ఎన్నింటికి?" అంది.

* * *

క్లబ్బు ప్రింటింగ్ ప్రెస్సు మీది గది. ఇనుప మెట్లెక్కి వెళ్లాలి. ఆదివారం కాబట్టి కింద మిషను నిద్రపోతోంది గానీ సిరావాసనకి సెలవు లేదు. గదిలో మూడు బెంచీలు, ఒక మూల బల్లమీద రేడియో సెట్టు, కిటికీ చట్రానికి వేసిన కంతలోంచి బయటి స్తంభం మీది ఏరియల్‌కి వెళ్లే తీగ. చలిగాలి రాకుండా ఆ కంతలో గుడ్డ కుక్కారు. ఒక గోడ నిండా ముఖం తెలియని మిత్రులు పంపిన పలకరింపు కార్డులు. వాటిలో సగానికిపైగా అమ్మాయి తండ్రికి వచ్చినవే.

వోటున్నవాళ్లు పదమూడుమంది. అందరూ వచ్చారు. ఇన్నాళ్లూ కోరానికి అయిదుగురు దొరక్క మీటింగులు వాయిదాపడ్డ క్లబ్బు అది. తగువుందంటే జనం కదులుతారు.

అత్తా అమ్మాయీ చివరి బెంచీలో కూర్చున్నారు. ఇద్దరికీ వోటు లేదు. అమ్మాయికి లైసెన్సు లేదు. అత్తకి ఎందుకు లేదని ఎవరో అడిగితే, "జీతానికి కొట్టీ కొట్టీ వేలు అరిగిపోయింది నాయనా, ఇంక సరదాకి కొట్టే ఓపిక లేదు" అంది.

కార్యదర్శి పళ్ల డాక్టరు. తీసెయ్యాలనే పక్షానికి ఆయనే నాయకుడు. అద్దాలు సర్దుకుని లేచాడు.

"మూడేళ్లలో పదకొండుమంది కొత్తవాళ్లు మన దగ్గరికి వచ్చారు. తొమ్మిదిమంది ఈ పరీక్ష దగ్గరే చాలించుకుని వెళ్లిపోయారు. ఓడలవాళ్లే మోర్సు వదిలేశారు. పోయినేడు వరదల్లో మనం వారం రోజులు కబుర్లు చేరవేశాం. ఎవరైనా ఒక్క చుక్క కొట్టారా? అంతా మాటల్లోనే కదా! మేం నొప్పి భరించి పాసయ్యాం కాబట్టి మీరూ భరించండి అనే పద్ధతి మా వృత్తిలో కూడా ఒకప్పుడు ఉండేది. తర్వాత మత్తు సూది వచ్చింది."

నవ్వులు. కింద ప్రెస్సు నడిపే ప్రింటరు లేచాడు. ఆయన ఉంచాలనే పక్షం.

"డాక్టరుగారూ, మత్తులో పన్ను పీకించుకోవచ్చు. మత్తులో విద్య రాదు. టార్చిలైటు బ్యాటరీతో, గజం తీగతో సముద్రం అవతలికి కబురు పంపాలంటే మీ గొంతు వెళ్తుందా? గొంతు హోరులో కలిసిపోతుంది. మోర్సు ఆ హోరుని చీల్చుకుని పోతుంది. అన్నీ చచ్చినచోట బతికేది అదొక్కటే."

"బతకనివ్వండి, ఎవరు చంపుతున్నారు? ఇష్టమైనవాళ్లు నేర్చుకుంటారు. గుమ్మానికి అడ్డంగా పడుకోబెట్టొద్దంటున్నా, అంతే."

"గుమ్మం లేని ఇంట్లోకి మేకలొస్తాయి."

"మేకలైనా వస్తే బాగుండు! ఇక్కడ సగటు వయసెంతో చూశారా? ఇంకో పదేళ్లకి కోరానికి ఫొటోలు పెట్టుకోవాలి."

ఈ మాటకి రెండు పక్షాలవాళ్లూ నవ్వారు గానీ, నవ్వయ్యాక కొంతమంది తమ మోకాళ్ల వంక చూసుకున్నారు.

అప్పుడు అధ్యక్షుడు లేచాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కా మీద ముడత లేకుండా ఉంటాడు. గణితం చెప్పి రిటైరైన మనిషి. గొంతు మంచిది. గాలిలో ఆ గొంతుకి అభిమానులున్నారు.

"నేను ఎక్కువ చెప్పను. పరీక్ష అంటే అడ్డంకి కాదు, గౌరవం. మనం పాసయ్యాం. ఆ రోజు ఇంటికొచ్చినప్పుడు మన నడకే మారిపోయింది. ఔనా కాదా? ఆ నడక రేపటివాళ్లకి లేకుండా చెయ్యడం దయ కాదు. నా అన్నకూతురు మూడుసార్లు తప్పింది. వెనకబెంచీలోనే ఉంది. అయినా చెప్తున్నా. నా ఇంటి పిల్ల కోసం నేను తలుపు వెడల్పు చెయ్యలేను."

చప్పట్లు పడ్డాయి. తీసెయ్యాలనేవాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు కొట్టారు. అమ్మాయి తల వంచుకుని, లిఫ్టుగదిలో గ్రీజు అంటిన గోళ్లు చూసుకుంటోంది. నిజానికి ఆమెకి చిన్నాన్న మీద కోపం రాలేదు. నిజాయితీగల మనిషికి అడ్డుపడుతున్నానే అని సిగ్గేసింది.

అత్త మాత్రం చప్పట్లు వినడం లేదు. లైసెన్సుల శాఖ పంపిన కొత్త నిబంధనల ముసాయిదా నకలు చదువుతోంది. నాలుగో అంశం దగ్గర వేలు పెట్టి, పళ్ల డాక్టరుని అడిగింది. "నాయనా, ఇదేంటో కాస్త వివరంగా చెప్పు."

"అదాండీ? కొత్తవాళ్లకి మోర్సు తీసేస్తున్నారు కదా. పాత లైసెన్సులున్నవాళ్లని పై తరగతి అంటారు. ఆ తరగతి నిలబెట్టుకోవాలంటే ఒక్కసారి ఇన్‌స్పెక్టరు ఎదురుగా కూర్చుని అయిదు నిమిషాలు మోర్సు విని రాయాలి. తప్పితే మొత్తంగా కొత్త తరగతిలోకి దింపుతారు. క్లబ్బు స్టేషను పై తరగతివాళ్ల పేరు మీదే ఉండాలి. లాంఛనమే లెండి. మనవాళ్లందరికీ వచ్చిందే కదా."

"అవునవును, వచ్చిందే" అంది అత్త.

చేతులెత్తమన్నారు. తీసెయ్యాలని ఆరు. ఉంచాలని ఆరు. అధ్యక్షుడు చివర్న వెయ్యడం ఈ క్లబ్బు ఆనవాయితీ. పన్నెండు చేతులూ దిగాయి, అందరూ ఆయన వంక చూశారు. ఆయన చెయ్యి లేవబోతుండగా వెనకబెంచీ నుంచి, "ఒరేయ్ తమ్ముడూ, వోటేసే ముందు నాతో ఒక మాట మాట్లాడు. రెండు రోజులు బస్సులో ఊగివచ్చాను, పది నిమిషాలు నీవి కావాలి" అని వినపడింది.

గంభీరమైన సభలో ఒరేయ్ అన్నందుకు నవ్వులు లేచాయి. అధ్యక్షుడూ నవ్వాడు. "టీ విరామం" అన్నాడు.

* * *

పక్కగది బ్యాటరీలది. కరెంటు పోయినా స్టేషను నడవడానికి వరసగా పెట్టిన సీసపు బ్యాటరీలు, నీళ్ల డబ్బాలు, ఆమ్లపు పులుపు వాసన. కూర్చోడానికి ఒకే స్టూలుంది. అత్త దాని మీద కూర్చుంది. చిన్నాన్న గోడకి ఆనుకున్నాడు. అమ్మాయి మూడు గ్లాసుల టీ తెచ్చి, ఖాళీ చెక్కపెట్టె మీద పెట్టి వెళ్లబోతే, "నువ్వుండు" అంది అత్త.

"అక్కా, నువ్వు చెప్పబోయేది నాకు తెలుసు. పిల్ల కోసం వోటు మార్చమంటావు. అక్కడ అందరి ముందూ చెప్పాక ఇంకెలా మారుస్తాను చెప్పు?"

అత్త టీ గ్లాసు పక్కకి జరిపింది. చెక్కపెట్టె మీద చూపుడువేలితో ఒక తట్టు తట్టింది. కాసేపు ఆగింది. మూడు తట్లు, గోటితో ఒక గోకు. మళ్లీ ఆగింది. చిన్నాన్న తన మాట తాను చెప్పుకుపోతున్నాడు. శాఖవాళ్లది తొందరపాటు, పిల్లకి మూడు నెలల తర్వాత పరీక్ష ఉండనే ఉంది, పేరు పోతే పోయింది, మనిషే పోయాక పేరేముంది అని.

అమ్మాయి చెవి అత్త వేలు దగ్గరుంది. ఒక తట్టు, ఈ. మూడు తట్లు ఒక గోకు, వీ. తట్టు గోకు, ఏ. పెదాలు కదులుతున్నాయి. క్లబ్బులో వాళ్లంతా మన మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునేవాళ్లే. ఆర్. యూ. కొంచెం ఎక్కువ ఆగింది. మళ్లీ ఆర్, ఏ, మూడు తట్లు ఎస్... 

అత్త అదే మాట మొదటినుంచీ మళ్లీ కొట్టింది. అంత నెమ్మదిగా తంతి ఆఫీసులో కొడితే ఉద్యోగం పోయేది.

చిన్నాన్న మాట ఆపి వంగి చూశాడు. "ఏంటక్కా ఆ గోకుడు? పెట్టెకి చెదలుపట్టిందా?"

ఆయన అడిగింది వేళాకోళంగా కాదు. నిజంగానే పెట్టె అంచు తడిమి చూశాడు.

అమ్మాయికి ముందు అర్థమైంది అత్త వేలి కబురు. ఆ తర్వాత అర్థమైంది చిన్నాన్న మాట. రెండోది ఎక్కువసేపు పట్టింది, ఎందుకంటే నమ్మబుద్ధి కాలేదు.

"నేనేమన్నానో చెప్పవే" అంది అత్త.

"ఎవరు రాశారు అన్నారు."

"మూడుసార్లు తప్పిన పిల్లకి తెలిసింది. ముప్పై ఒక్కేళ్ల కిందట పాసైనవాడికి చెదలు కనపడ్డాయి. చెప్పరా, ఎవరు రాశారు నీ పరీక్ష?"

చిన్నాన్న గోడకి ఆనుకున్నవాడు అలాగే జారి, బ్యాటరీల బల్ల అంచున కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కాకి మొదటి ముడత పడింది.

"ఎవరన్నా చెప్పారా?" అన్నాడు.

"ఎవరు చెప్పాలి? చెవితో నేర్చుకున్నవాడెవడూ ఇంకొకరికి చార్టు రాసివ్వడు. నోటితో పలికించి నేర్పుతాడు. పొద్దున ఆ అట్ట చూసినప్పుడు అనుమానమేసింది. నాలుగో అంశం చదివాక అనుమానం కాస్తా నమ్మకమైంది. ఇందాక నీ ఉపన్యాసం విన్నాను. నడక మారిందా? ఎవరి నడకరా మారింది?"

"అన్నయ్యే" అన్నాడు చిన్నాన్న. ఎవరో ప్రశ్నాపత్రంలో అడిగితే జవాబు చెప్పినట్టు చెప్పాడు. "నేనడగలేదక్కా. పరీక్షరోజు పొద్దున నాకు చేతులు చల్లబడిపోయాయి. అన్నయ్య నా హాల్‌టికెట్టు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పట్లో ఫొటో గోరంత. మా ఇద్దరికీ ఒకటే ముక్కు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, పాసయ్యావురా, ఇంక తీరిగ్గా నేర్పుతాను అన్నాడు."

"నేర్పాడా?"

"తర్వాత తర్వాత అనుకున్నాం. ముప్పై ఒక్కేళ్లు తర్వాతే." గ్లాసు అందుకుని, తాగకుండా పట్టుకున్నాడు. "ప్రయత్నించలేదనుకోకు. ఆ చార్టు నేను రాసుకున్నదే. చూసి చూసి కళ్లు పోయాయి గానీ చెవి తెరుచుకోలేదు. నా దగ్గరున్నదే పిల్లకిచ్చాను. దాన్ని చెడగొట్టాలని కాదు."

అమ్మాయి ఒక్కో విషయాన్నీ లిఫ్టు బోర్డులో తీగలు విడదీసినట్టు విడదీసుకుంటోంది. మోర్సు పోటీలప్పుడల్లా చిన్నాన్నకి మణికట్టు నొప్పి. ఆయన కుర్చీలో నాన్న కూర్చునేవాడు. నాన్న పోయాక క్లబ్బు మోర్సు పోటీల్లో పాల్గొనడమే మానేసింది.

"అయితే పరీక్ష తీసెయ్యమని మీరే అందరికంటే ముందు చెయ్యెత్తాలి కదా చిన్నాన్నా" అంది.

"నాలుగో అంశం విన్నావుగా? పరీక్ష పోతే ఇన్‌స్పెక్టరు వస్తాడు. నా చెవికి హెడ్‌ఫోన్ తగిలిస్తాడు. పరీక్ష ఉన్నంతకాలం నన్నెవరూ అడగరు తల్లీ. అది ఉన్నంతకాలం నేను పాసైనవాణ్ణి."

కంచే చేను మేస్తే రైతు ఎవరికి చెప్పుకుంటాడు అంటారు. ఇక్కడ కంచె మేసింది కూడా లేదు. ఎండిపోయిన చేను చుట్టూ ముప్పై ఏళ్లు నిలబడి ఉంది, అంతే.

అత్త గొంతు తగ్గించింది. "సరే. జరిగిందేదో జరిగింది. నేను నోరు విప్పను. వెళ్లి తీసెయ్యమని వోటెయ్యి. ఇన్‌స్పెక్టరు వచ్చేలోపు నేనే నేర్పుతాను. నీకూ, దీనికీ, పక్కపక్కన కూర్చోబెట్టి."

"అరవై రెండేళ్ల చెవికా?"

"ఎద్దుకి నేర్పినట్టు నేర్పుతాను."

చిన్నాన్న మొహంలో ఏదో వచ్చి పోయింది. ఆశో, భయమో, రెండూనో. తర్వాత ఆ మొహం మళ్లీ అధ్యక్షుడి మొహమైంది. నలభై ఏళ్లు తరగతిగదిలో ఎదుటివాడు తర్వాతి అడుగు ఎక్కడ వేస్తాడో ముందే చూసిన మనిషి.

"వెయ్యకపోతే?" అన్నాడు.

"వెయ్యకపోతే ఆ గదిలోకి వెళ్లి నేనే చెప్తాను."

"చెప్పు." ఆయన అమ్మాయివైపు తిరిగాడు. "నువ్వు తొంభై నాలుగు తెచ్చుకున్నదానివి. నిబంధనలు నీకు నోటికి వచ్చు. ఒకరి బదులు ఇంకొకరు పరీక్ష రాస్తే ఏం చేస్తారు?"

అమ్మాయికి నోటికి వచ్చు. బడిలో లేచి నిలబడి అప్పజెప్పినట్టే వచ్చింది. "ఇద్దరి లైసెన్సులూ రద్దుచేస్తారు. ఇద్దరి కాల్‌సైన్లూ శాశ్వతంగా..."

అక్కడ ఆగిపోయింది.

"శాశ్వతంగా తీసేస్తారు. ఇంక ఎవరికీ ఇవ్వరు. పుస్తకాల్లోంచి కూడా కొట్టేస్తారు. నాతోపాటు మీ నాన్న పేరూ పోతుంది. ఇప్పుడైతే ఎవరో ఒకరు ఆ పేరుతో మాట్లాడతారు. అప్పుడు అదీ ఉండదు." ఖాళీ చెయ్యి చాచాడు, మీ ఇష్టం అన్నట్టు. "నేను కావాలని అనడం లేదమ్మా. ఉన్నది చెప్తున్నా."

తేలు కుట్టిన దొంగ అరవలేడు. ఇక్కడ దొంగ పక్కన నిలబడ్డవాళ్ల నోరు కూడా పడిపోయింది.

గ్లాసులు తీసుకుంటూ అమ్మాయి లెక్క చూసుకుంది. చిన్నాన్న ఉంచమని వోటేస్తే నాన్న పేరు పందొమ్మిది రోజుల్లో పరాయివాళ్లకి పోతుంది. నిజం చెప్తే ఈ నెలలోనే చచ్చిపోతుంది. నోరుమూసుకుని బతిమాలితే, బహుశా, ఒకవేళ, ఆయన జాలిపడితే తనకొస్తుంది. వచ్చాక ప్రతిసారీ ఆ పేరు పలికినప్పుడు ఈ గది గుర్తుకొస్తుంది.

ద్వారం దగ్గర అత్త ఆమె మోచెయ్యి పట్టుకుంది. "మీ నాన్న చేసింది తప్పే గానీ తమ్ముడి మీద ప్రేమతో చేశాడే. పోయినవాడిని మళ్లీ పరీక్షహాల్లోకి ఈడ్వకు."

"మీరే చెప్తానన్నారుగా అత్తయ్యా, ఇందాక?"

"బెదిరించడానికి అన్నాను. చెప్పడం వేరు."

* * *

జనం బెంచీల్లో సర్దుకున్నారు. పళ్ల డాక్టరు మినిట్స్ పుస్తకం తెరిచి, కలం మూత తీసి, "అధ్యక్షా, మీ వోటు" అన్నాడు.

"ఒక్క నిమిషం" అంది అమ్మాయి.

ప్రింటరు చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మా, సభ్యులు కానివాళ్లకి చర్చలో మాట్లాడే హక్కు లేదు."

"మాట్లాడను బాబాయిగారూ. కాగితం ఇస్తాను. దానికి హక్కు కావాలా?"

ఎవరో, "కాగితానికి అక్కర్లేదులే, రానివ్వండి" అన్నారు. ఆమె ముందుకి వెళ్లి, కార్యదర్శి బల్ల దగ్గర వంగి, ముసాయిదా నకలు వెనకవైపు తెల్లటి భాగం మీద నాలుగు వరసలు రాసింది. సంతకం పెట్టింది. తేదీ వేసింది. లిఫ్టు తనిఖీ చేసి గోడకి అంటించే చీటీ మీద ఎలా వేస్తుందో అలాగే, టైముతో సహా.

పళ్ల డాక్టరు చదివాడు. మళ్లీ చదివాడు. అద్దాలు తీశాడు.

"ఇది... పైకి చదవమంటావా అమ్మా?"

"చదవండి."

"మా నాన్నగారి కాల్‌సైన్‌ను నాకోసం అట్టిపెట్టమని రెండేళ్ల కిందట ఈ క్లబ్బు ద్వారా పెట్టుకున్న దరఖాస్తును ఈ రోజుతో వెనక్కి తీసుకుంటున్నాను. దాని మీద నాకుగానీ మా ఇంట్లో ఇంకెవరికిగానీ ఏ హక్కూ వద్దు. నేను ఎప్పుడు లైసెన్సు తెచ్చుకున్నా వరసలో వచ్చిన పేరే తీసుకుంటాను."

బెంచీలు కిర్రుమన్నాయి. "అయ్యో, అదేంటి?" అన్నది ప్రింటరే. ఉంచాలని వోటేసిన మరొకాయన తల అడ్డంగా ఊపుతూ, "పందొమ్మిది రోజులుందిగా తల్లీ, తొందరెందుకు" అన్నాడు. గోడ మీది పలకరింపు కార్డుల వంక అమ్మాయి చూడలేదు. చూస్తే కాగితం వెనక్కి లాక్కుంటానని ఆమెకి తెలుసు.

చిన్నాన్న మాత్రం కదల్లేదు. పది నిమిషాల కిందట ఆ పక్కగదిలో ఆయన చేతిలో అన్న పేరనే తాడొకటి ఉంది. రెండో కొస ఈ పిల్ల మెడలో ఉందనుకున్నాడు. ఇప్పుడు లాగి చూస్తే తేలిగ్గా వచ్చేసింది. అవతల ఎవరూ లేరు. గణితం మాస్టారికి లెక్క తప్పినప్పుడు మొహం ఎలా ఉంటుందో ఆ గదిలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు కొందరు చూశారు. ఎందుకో వాళ్లకి అర్థం కాలేదు.

"ఇప్పుడు మీరు వోటెయ్యండి చిన్నాన్నా" అంది అమ్మాయి. గొంతులో కోపం లేదు. మూడో అంతస్తులో ఇరుక్కున్నవాళ్లకి పైనుంచి ధైర్యం చెప్పే గొంతు అది. "ఎటు వేసినా సరే. వేశాక నేనొక మాట చెప్పాలి. అప్పుడు సభ్యులు కాకపోయినా నన్ను మాట్లాడనిస్తే బాగుంటుంది."

పళ్ల డాక్టరు కలం పుస్తకం మీద ఆనించాడు. పన్నెండుమంది చూపులూ పదమూడో మనిషి కుడిచేతి మీద ఉన్నాయి. ఆ చెయ్యి బల్ల అంచు వదిలింది. కొంచెం లేచింది. మళ్లీ దిగింది.

"వోటు తర్వాత" అన్నాడు చిన్నాన్న.

"అధ్యక్షా, ఆనవాయితీ ప్రకారం..."

"ఆనవాయితీ నాకు తెలుసు డాక్టరుగారూ." ఆయన తన కుర్చీ వెనక్కి జరిపి, సభవైపు కాకుండా అన్నకూతురివైపు తిరిగి కూర్చున్నాడు. చెప్పగలిగితే చెప్పు చూద్దామని సవాలు విసురుతున్నాడో, ముప్పై ఒక్కేళ్ల బరువు ఎవరైనా దించితే చాలని తల వంచుతున్నాడో, ఆ మొహం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. "నేనెటు వెయ్యాలో ఆ అమ్మాయి చెప్పబోయే మాట మీద ఉంది. ముందు తనని చెప్పనివ్వండి. ఒక్క అక్షరం పోకుండా మినిట్స్‌లో రాయండి."

పన్నెండు తలలూ అమ్మాయివైపు తిరిగాయి. చివరి బెంచీలో అత్త కళ్లు మూసుకుంది.

అమ్మాయి బల్ల అంచు పట్టుకుంది. "ముప్పై ఒక్కేళ్ల కిందట..." అని మొదలుపెట్టింది.